రాత్రి ఏడున్నరకు తెల్లవారే గూడు

మార్చి మొదటి వారం, హైదరాబాద్‌లో రాత్రి ఏడున్నర. వంటింట్లో కుక్కర్ మూడో విజిల్ వేస్తోంది. హాల్లో టీవీ మీద వార్తలు లేవు, సీరియల్ లేదు. నలుపు తెలుపుల్లో ఓ పెద్ద పుల్లల గూడు, దాని నడుమ ఒదిగి కూర్చున్న పక్షి, పక్షి వీపు మీద పలచగా పేరుకున్న మంచు. పది నిమిషాలు చూసినా అది అటూ ఇటూ మెడ తిప్పడం తప్ప ఏమీ చేయదు. ఉన్నట్టుండి తెర మీదికి రంగులొస్తాయి. వెనకాల సరస్సు నీలంగా తేలుతుంది. పైన్ కొమ్మలు పచ్చబడతాయి. పక్షి ముక్కు పసుపు కొమ్ములా మెరుస్తుంది. కెమెరా రాత్రి చూపు వదిలి పగటి చూపులోకి వచ్చింది. కాలిఫోర్నియాలో తెల్లవారుతోంది.

ఆ గూడు శాన్ బెర్నార్డినో కొండల్లో, బిగ్ బేర్ సరస్సుకు ఎదురుగా, ఓ జెఫ్రీ పైన్ చెట్టు మీద ఉంది. నేల నుంచి సుమారు 145 అడుగుల ఎత్తు. సరస్సే సముద్ర మట్టానికి దాదాపు 6,750 అడుగుల పైన ఉంటుంది కాబట్టి శీతాకాలమంతా అక్కడ మంచు కురుస్తూనే ఉంటుంది. గూటి యజమానులు జాకీ అనే ఆడ గద్ద, షాడో అనే మగ గద్ద. రెండూ బాల్డ్ ఈగిల్ అనే జాతివి. ఫ్రెండ్స్ ఆఫ్ బిగ్ బేర్ వ్యాలీ అనే స్థానిక స్వచ్ఛంద సంస్థ ఇరవై నాలుగు గంటలూ ఆ గూటిని ప్రత్యక్ష ప్రసారం చేస్తోంది.

మనకూ వాళ్లకూ శీతాకాలంలో పదమూడున్నర గంటల తేడా. మార్చి రెండో ఆదివారం వాళ్లు గడియారం ముందుకు జరుపుకుంటారు కనుక అక్కడి నుంచి పన్నెండున్నర. ఇలాంటి లెక్కలు హైదరాబాద్ ఇళ్లకు కొత్తేమీ కాదు. కొడుకో కూతురో అమెరికాలో ఉన్న ఇంట్లో అక్కడిప్పుడు ఎంతైందో తల్లికి నోటికి వచ్చి ఉంటుంది. ఈ తేడా చూసేవాళ్లకు కలిసొచ్చింది కూడా. గూట్లో సందడంతా తెల్లవారుజామున, తొలి చేప వచ్చే వేళ ఉంటుంది. ఇక్కడ అది ఆఫీసు నుంచి ఇల్లు చేరి కాళ్లు కడుక్కున్న సమయం. పొద్దున తొమ్మిదికి బస్సులో ఫోన్ తెరిస్తే మాత్రం కనిపించేది నిద్రపోతున్న గూడే.

ముందు పేరు సంగతి. బాల్డ్ ఈగిల్‌ను తెలుగులో చాలామంది బట్టతల గద్ద అనేస్తుంటారు. దాని తల నిండా ఈకలే, అవన్నీ తెల్లనివి. ఇంగ్లిష్‌లో బాల్డ్ అనే మాటకు పాత రోజుల్లో తెల్ల మచ్చ ఉన్నది అనే అర్థం ఉండేది. సరిగ్గా ఆ అర్థానికి మనకు పల్లెల్లో ఇప్పటికీ వాడుకలో ఉన్న మాటుంది, బొల్లి. తెల్ల మచ్చల ఆవును బొల్లావు అంటాం. ఆ లెక్కన ఇది బొల్లి గద్ద. ఆ తెలుపు కూడా పుట్టుకతో రాదు. మొదట్లో ఒళ్లంతా ముదురు గోధుమ రంగే, నాలుగైదేళ్లు నిండితే గానీ తల పూర్తిగా తెల్లబడదు. గూడు వదిలి ఎగిరిన పిల్లను చూసి ఇది వేరే జాతి పక్షి అనుకునేవాళ్లు అందుకే ఉంటారు.

ఇక గూటి విషయం. కెమెరా మనకిచ్చే అసలు సంపద అక్కడ ఏమీ జరగని సమయమే. ఫోన్లలో తిరిగే ముప్పై సెకన్ల ముక్కల్లో గద్ద ఎప్పుడూ వేటాడుతూనో పోట్లాడుతూనో కనిపిస్తుంది. అవి మాత్రమే చూసినవాళ్లకు గద్ద అంటే గోళ్లు, కోపం. రోజుకు ఓ అరగంట ప్రసారం చూసినవాళ్లకు తెలిసే గద్ద వేరు. అది ఎక్కువగా కూర్చుంటుంది. గంటకోసారి లేచి, ముక్కుతో గుడ్లను మెల్లగా దొర్లించి, ఒళ్లు రెండు పక్కలకూ ఊపుతూ మళ్లీ సర్దుకుంటుంది. పొదిగే కాలంలో పొట్ట కింద ఓ చోట చర్మం బయటపడి ఉంటుంది. గుడ్డుకు ఒంటి వెచ్చదనం నేరుగా తగలాలంటే ఆ చర్మం దానికి ఆనాలి. ఆ ఊపుడంతా అందుకే. గూట్లో నడిచేటప్పుడు కాళ్లు చూడాలి. చేపను ఒక్క పట్టుతో చంపే గోళ్లను లోపలికి ముడుచుకుని, పిడికిళ్ల మీద నడిచినట్టు నడుస్తుంది. గుడ్డుకు గీత పడకూడదు, పిల్ల ఒంటికి గుచ్చుకోకూడదు. ఈ ఒక్క దృశ్యం కోసం నెల రోజులు చూడొచ్చు.

పొదగడం ఆడదాని పని మాత్రమే అనుకుంటే ఈ గూడు ఆ అభిప్రాయాన్ని మొదటి వారంలోనే చెరిపేస్తుంది. మగ గద్ద ఓ పుల్ల తెచ్చి గూటి అంచున పెడుతుంది, పక్కన నిలబడుతుంది. ఇక నువ్వు లే, నేను కూర్చుంటా అన్నట్టు ముక్కుతో కదుపుతుంది. ఆడది లేవదు. మరో పుల్ల వస్తుంది. ఒక్కోసారి ఈ బేరం చాలాసేపు సాగుతుంది. ఫ్లోరిడాలో 2012 నుంచి ప్రసారమవుతున్న మరో గూట్లో హ్యారియట్ అనే ఆడ గద్ద 2023 ఫిబ్రవరిలో ఎగిరి వెళ్లి తిరిగి రాలేదు. అప్పటికి గూట్లో రెండు పిల్లలున్నాయి. ఎం15 అని పిలిచే మగ గద్ద ఒక్కటే వేటాడి, కాపలా కాసి, ఆ రెంటినీ రెక్కలొచ్చే దాకా పెంచింది.

గూట్లోని శబ్దం కూడా చాలామంది ఊహించినట్టుండదు. ఇంత పెద్ద పక్షి గొంతు సన్నగా, కిచకిచలాడినట్టు ఉంటుంది. హాలీవుడ్ సినిమాల్లో గద్ద కనిపించగానే వినిపించే ఆ భీకరమైన అరుపు సాధారణంగా ఎర్రతోక డేగది. దాన్ని దీనికి అతికిస్తారు.

గుడ్ల లెక్క ఈ గూడు నేర్పే పాఠాల్లో పెద్దది. 2025లో జాకీ జనవరి 22న, 25న, 28న మూడు గుడ్లు పెట్టింది. మొదటి రెండూ మార్చి 3, 4 తేదీల్లో పిల్లలయ్యాయి, మూడోది 8న. మూడేసి రోజుల తేడాతో పెట్టిన మొదటి రెండు గుడ్లు ఒక్క రోజు తేడాతో ఎలా పిగిలాయి? మొదటి గుడ్డు మీద పక్షులు వెంటనే గట్టిగా పొదుగుకు కూర్చోవు. చలికి గడ్డకట్టకుండా కాపాడతాయి తప్ప పూర్తి వేడి ఇవ్వవు. రెండోది వచ్చాక అసలు పొదుగు మొదలవుతుంది. అలా పెద్దా చిన్నా తేడా కొంత తగ్గుతుంది. మూడోదానికి ఆ అవకాశం ఉండదు. పుట్టినప్పుడు వంద గ్రాములు కూడా తూగని పిల్లలు రోజురోజుకూ ఎదిగే చోట నాలుగు రోజుల వెనకబాటు చిన్నదేమీ కాదు. నోరు ముందు ఎవరు చాపితే ముక్క వాళ్లది. పెద్ద పిల్ల చిన్నదాని నెత్తి మీద పొడవడం, చిన్నది తల వంచేయడం రోజూ కనిపిస్తుంది. చూసేవాళ్లకు మనసు చివుక్కుమంటుంది. చేపలు నిండుగా ఉన్న గూట్లో ఈ కొట్లాట కొన్ని వారాల్లో దానంతటదే సద్దుమణుగుతుంది.

పిల్ల బయటికి రావడం కూడా ఒక్క క్షణంలో అయ్యే పని కాదు. ముక్కు కొసన ఉండే చిన్న గట్టి మొనతో లోపలి నుంచి పెంకును గీకుతూ వస్తుంది. పెంకు మీద మొదటి బొడిపె లేచినప్పటి నుంచి పిల్ల బయటపడే దాకా ఒక రోజు పట్టొచ్చు, ఇంకా ఎక్కువా పట్టొచ్చు. ఆ సమయంలో తల్లిదండ్రులు పెంకు పగలగొట్టి సాయం చేయవు. కాలిఫోర్నియాలో మార్చి 3 రాత్రి తొలి పిల్ల బయటపడేసరికి హైదరాబాద్‌లో తారీఖు మారి 4 అయింది.

ఆ పిల్లలకు అంత ఆదరణ రావడానికి వెనక రెండేళ్ల నిరాశ ఉంది. 2022లో ఆ గూటి నుంచి స్పిరిట్ అనే పిల్ల ఎగిరింది. 2023లో గుడ్లు పిగలలేదు. రేవెన్ అనే పెద్ద కాకులు వచ్చి వాటిని పొడిచాయి. 2024లో మళ్లీ మూడు గుడ్లు. ఆ ఫిబ్రవరి మంచు తుఫానులో జాకీ రెండు పగళ్లూ రెండు రాత్రులూ దాటినా తిండికి కూడా లేవకుండా గుడ్ల మీదే ఉంది. మంచు పేరుకుని తల, ముక్కు తప్ప ఏమీ కనిపించని స్థితిలో అది అప్పుడప్పుడూ ఒళ్లు విదిలించి మంచు దులుపుకోవడం ప్రపంచమంతా చూసింది. పొదుగు గడువు 35 నుంచి 40 రోజులు. అది దాటింది. మార్చి గడిచింది. ఆ గుడ్లు పిగలలేదు. గద్దలు మాత్రం ఒక్కరోజులో వదిలేయలేదు. లేచి వెళ్లే సమయం కొద్దికొద్దిగా పెరుగుతూ పోయింది, అంతే.

ఇక్కడే కెమెరా కాపలాదారులకు అసలు పరీక్ష. 2025 మార్చి 13 రాత్రి ఆ కొండల్లో మళ్లీ మంచు తుఫాను వచ్చింది. ఇక్కడ అది మార్చి 14, హోలీ. వీధుల్లో పిల్లలు రంగులు చల్లుకుంటున్న పూట అక్కడి చీకట్లో జాకీ మూడు పిల్లలనూ రెక్కల కింద దాచుకుని కూర్చుంది. మన సాయంత్రానికి అక్కడ తెల్లవారింది. తిండి కోసం లేచిన తలలు రెండే. మూడో పిల్ల ఆ రాత్రి చనిపోయింది.

ఎవరైనా చెట్టెక్కి ఆ పిల్లను ముందే కాపాడి ఉండొచ్చు కదా అని అడగడం సహజం. అడగనివాళ్లకు జాలి లేదనుకోవాలి. దీనికి సమాధానం చెట్టు కింద నిలబడి ఆలోచిస్తే తెలుస్తుంది. మనిషి 145 అడుగులు ఎక్కుతుంటే గద్దలు గూడు వదిలి లేస్తాయి. తుఫానులో పొట్ట కింది వెచ్చదనం పోతే బతికి ఉన్న మిగతా రెండూ పోతాయి. కొంచెం పెద్దయిన పిల్లలైతే బెదిరి రెక్కలు రాకముందే దూకేస్తాయి. మిన్నెసోటా రాష్ట్రంలో 2014లో జనం ఒత్తిడికి అధికారులు ఓ గూటి నుంచి కదలలేకపోతున్న పిల్లను దింపారు. దానికి రెక్క ఎముక విరిగి ఉంది, ఒళ్లంతా ఇన్ఫెక్షన్ పాకింది. నొప్పి లేకుండా ప్రాణం తీయడం తప్ప వైద్యులకు దారి లేకపోయింది. మనుషుల చేతలతో, అంటే గాలానికో దారానికో చిక్కుకుని ప్రమాదంలో పడితే చేయి అందించడం, ప్రకృతి చేతిలో జరిగేదానికి దూరంగా ఉండడం అన్నదే ఇలాంటి చోట్ల ఎక్కువమంది పాటించే పద్ధతి. అది రాతిగుండె పద్ధతి అనిపించొచ్చు, కానీ సరైనది అదే. గూటిని తాకే హక్కు చూసేవాళ్లకు ఒక్కసారి వచ్చిందంటే ఆ తర్వాత అది అడవి గూడుగా మిగలదు.

మిగిలిన రెండు పిల్లలకు యాభై వేలకు పైగా పేర్లు సూచనలుగా వస్తే, వాటిలోంచి స్థానిక బడిలో మూడో తరగతి పిల్లలు సన్నీ, గిజ్మో అనే పేర్లను ఎన్నుకున్నారు. జూన్‌లో అవి ఎగిరాయి.

దూరంగా ఉండడం అనే ఆ నియమం కెమెరా అమరికలోనూ కనిపిస్తుంది. కెమెరాను గూడు ఖాళీగా ఉన్న కాలంలోనే బిగిస్తారు. పొదుగు మొదలయ్యాక తీగ తెగినా, లెన్స్ మీద మంచు కప్పినా ఎవరూ చెట్టెక్కరు. రాత్రి వెలిగేది ఇన్‌ఫ్రారెడ్ కాంతి. అది గద్ద కంటికి ఆనదు కాబట్టి దాని చీకటి దానికే ఉంటుంది, మనకు మాత్రం నలుపు తెలుపుల్లో కనిపిస్తుంది. గూటి చుట్టుపక్కల అడవిలోకి ఆ కాలంలో జనాన్ని రానివ్వరు. అమెరికా మార్గదర్శకాలు చాలా పనులకు గూటి నుంచి 660 అడుగుల దూరం పాటించమంటాయి. కెమెరా వల్ల అందరికీ కలిసొచ్చేది ఇదే. చెట్టు కింద వందమంది నిలబడితే గూడు చెదిరిపోతుంది, తెర ముందు లక్షమంది కూర్చున్నా ఒక్క పుల్ల కదలదు. అయోవా రాష్ట్రంలోని డెకోరా గూటిని 2011లో లోకమంతా అలాగే చూసింది.

అసలు అమెరికాలో చూడటానికి గూళ్లు మిగలడమే ఓ గండం గడిచి బయటపడ్డ కథ. డీడీటీ పురుగుమందు నీళ్లలోంచి చేపల్లోకి, చేపల్లోంచి గద్దల్లోకి చేరి, గుడ్డు పెంకుకు కావాల్సిన కాల్షియం అందకుండా చేసింది. పెంకులు పలచబడ్డాయి. పొదగడానికి కూర్చున్న తల్లి బరువుకే గుడ్లు పగిలిపోయేవి. 1963 నాటికి అలాస్కాను వదిలేస్తే ఆ దేశమంతటా గూడు కట్టే జంటలు 417 మాత్రమే మిగిలాయి. 1972లో డీడీటీని నిషేధించారు. 2007లో ఈ పక్షి అంతరించే ముప్పున్న జాతుల జాబితా నుంచి బయటికొచ్చింది.

ఇదే కథ మన దగ్గర రాబందులకు జరిగింది. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ అనే నొప్పుల మందు కళేబరాల ద్వారా వాటి మూత్రపిండాలను చంపేసింది. మూడు జాతుల రాబందులు తొంభై శాతానికి పైగా తుడిచిపెట్టుకుపోయాయి. పశువైద్యంలో ఆ మందును 2006లో నిషేధించారు. తెలంగాణలో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందుల గూళ్లు బయటపడటం ఆ చీకట్లో కనిపించిన వెలుగు. రాబందు ఏడాదికి పెట్టేది ఒక్కటే గుడ్డు. ఆ ఒక్క గుడ్డును పొదిగే చోటు చుట్టూ ఎంత నిశ్శబ్దం ఉండాలో బిగ్ బేర్ గూటిని చూసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

రాబందుల దాకా ఎందుకు, మిద్దె ఎక్కి తలెత్తితే చాలు. చార్మినార్ మీదా హుస్సేన్‌సాగర్ మీదా మాంసం అంగళ్ల మీదా గిరికీలు కొట్టేది నల్ల గద్ద. తోక కొస చీలినట్టుంటుంది. విష్ణువు వాహనంగా మనం దండం పెట్టుకునే గరుడ పక్షి తల తెల్లన, ఒళ్లు ఇటుక రంగు, తోక గుండ్రన. జన్యు పరిశోధనల ప్రకారం ఈ రెండూ ఆ బొల్లి గద్దకు దగ్గరి చుట్టాలే. కాలిఫోర్నియా గూట్లో చూసి నేర్చుకున్న చూపు ఇక్కడ నేరుగా పనికొస్తుంది. జనవరిలో ఓ గద్ద కాళ్లతో పుల్లో గుడ్డపేలికో పట్టుకుని ఒకే దిక్కుకు పదేపదే వెళ్తుంటే అది గూడు కడుతోందని అర్థం. నల్ల గద్దలు గూటి లోపల పేలికలు, కాగితాలు, ప్లాస్టిక్ ముక్కలు పరుస్తాయి. పెద్ద చెట్టు దొరికితే చెట్టు, లేకపోతే స్తంభం, టవర్. మిద్దె మీద బట్టలు ఆరేయడానికి వెళ్లినవాళ్ల నెత్తి మీదికి గద్ద దూసుకొస్తే దగ్గర్లో గూడుందని. కర్ర పుచ్చుకోకుండా ఓ నెల పాటు గొడుగు వేసుకెళ్తే సరిపోతుంది.

కోడిపిల్లను గద్ద తన్నుకుపోయినట్టు అంటూ మన భాష దాన్ని ఎప్పుడూ దొంగ స్థానంలోనే నిలబెట్టింది. గూట్లో ఆ తన్నుకుపోయిన ముక్క ఎవరి నోట్లోకి వెళ్తుందో చూపించే సామెత మనకు లేదు. కెమెరా ఆ రెండో సగం చూపిస్తుంది. మెడ పక్కకు వాల్చి, గోరంత ముక్కను ముక్కు కొసన పట్టుకుని, తల నిలబెట్టలేక ఊగిపోతున్న పిల్ల నోటికి అది అందేదాకా ఓపిగ్గా పట్టుకునే ఉండే పక్షిని.

హైదరాబాద్ గద్దకు మంచు తుఫాను లేదు, మాంజా ఉంది. అవి గూడు కట్టి గుడ్లు పెట్టే చలికాలంలోనే సంక్రాంతి వస్తుంది. గాజు పొడి పూసిన నైలాన్ దారం ఆకాశంలో అడ్డంగా ఉంటుంది, గద్ద కంటికి ఆనదు, రెక్క ఎముక దాకా కోస్తుంది. తెగిపోయిన దారం చెట్ల మీద నెలల తరబడి వేలాడుతూ అదే పని చేస్తుంది. జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లోనే దేశమంతటా ఇలాంటి మాంజాను నిషేధించినా ప్రతి సంక్రాంతికీ అది అంగళ్లలోకి వస్తూనే ఉంది. ఒక తల్లి మాంజాకు చిక్కితే గూట్లో ఎన్ని ప్రాణాలు ఆగిపోతాయో కింద గాలిపటం ఎగరేసేవాళ్లకు కనిపించదు. ఆ గూటి మీద ఓ కెమెరా ఉండి, ఆ ప్రసారం కాలనీ పిల్లల ఫోన్లలోకి వస్తుంటే, దారం కొనేటప్పుడు ఆ పిల్లల చేయి ఒక్క క్షణం ఆగుతుంది.

అలాంటి కెమెరా ఇక్కడ పెట్టడం అసాధ్యమేమీ కాదు. ఇన్‌ఫ్రారెడ్ సీసీ కెమెరాలు ప్రతి సందులోనూ ఉన్న ఊరు ఇది. కష్టమంతా నిగ్రహంలో ఉంది. గూడు కనపడగానే డ్రోన్ లేపడం, సెల్ఫీ కర్ర చాపడం, గూడున్న చోటు అందరికీ పంచేయడం వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం గూళ్లను, గుడ్లను కదిలించడాన్నీ చెదరగొట్టడాన్నీ కూడా వేట కిందే లెక్కగట్టింది. కాబట్టి అటవీ శాఖ అనుమతి, పక్షుల గురించి తెలిసినవాళ్ల పర్యవేక్షణ లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదు. పోయినేడు గద్దలు వాడిన గూడు ఉన్న చెట్టును ముందే గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే చాలా జంటలు అదే చోటికి తిరిగొస్తాయి. వానలు వెనకబట్టి దసరా దాటుతుండగానే కెమెరా బిగించి, తీగ లాగి, నిచ్చెన తీసేయాలి. మొదటి పుల్ల వచ్చే నాటికి చెట్టు కింద ఎవరూ ఉండకూడదు.